ఎడమ పెట్టె మీద పడ్డ మాట

మార్చి 3

కాగితాల మీద నాకో పేరుంది గాని దాంతో నన్నెవరూ పిలవలేదు. స్పీకర్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాయిలక్క అన్నారు, ఈ వీధిలో ఇప్పటికీ అదే పేరు. వయసు డెబ్భై ఎనిమిది. ఇంట్లో మనుషులం ఇద్దరం, నేనూ మా ఆడపడుచూ. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు, నోళ్ళు మిగిలాయి. మేడ మీద రెండు గదులు, కింద రేడియో మెకానిక్ షాపు. నాకు చదువు రాదు. పక్క వాటాలో ఉండే రిటైరైన నర్సమ్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. చెప్పింది చెప్పినట్టే రాయాలి, మర్యాద కోసం మాట మెత్తబరచకూడదు అని ముందే షరతు పెట్టాను. ఒప్పుకుంది.

తమ్ముడికి అక్క దీవించి రాయించేది. నువ్వు బాగున్నావనుకుంటున్నాను. ఫోన్ చేద్దామంటే ఈ మధ్య రెండు మాటలకే లైన్ బాలేదని పెట్టేస్తున్నావు. పైగా నోటితో అనుకున్నవాటికి రేపు నేనలా అన్లేదంటావు. అందుకని కాగితం.

నీ కార్డు అందింది. నర్సమ్మ చదివి వినిపించింది. ఒకసారి చాల్లేదు, రెండోసారి చదివించుకున్నాను. నేనిచ్చిన స్పీకర్లు మార్చేస్తున్నావు. మార్చుకో, నీ ఇల్లు, నీ అర. దానికి నాకు పట్టింపు లేదు. ఎడమ పెట్టె కొన్నాళ్ళుగా మందంగా పలుకుతోందన్నావు. స్పీకర్ల షాపాయన్ని ఇంటికి పిలిచావు. ఆయన వేళ్ళతో నాలుగుసార్లు తట్టి, ఇది చేత్తో చుట్టిన కాయిల్, చుట్టిన మనిషి వదులుగా చుట్టేసి పోయింది అన్నాడు. నువ్వు అది విని, నోరు మూసుకుని, నాకు కార్డు రాశావు. నా పట్టింపు అక్కడ.

చుట్టిన మనిషిని నేను. నీకు తెలుసు.

ఆ పెట్టెలు నా దగ్గరికి ఎలా వచ్చాయో కూడా నీకు తెలుసు, అయినా కాగితం మీద ఉండనీ. నేను పని మానేసిన రోజున ఫోర్‌మన్ గడియారం కావాలా, కుర్చీ కావాలా అని అడిగాడు. రెండూ వద్దు, నా చేత్తో చుట్టిన కాయిళ్ళు రెండు పెట్టి ఒక జత చేయించండి అన్నాను. మా ఇంట్లో వాటికి చోటు లేదు, నీ ఇంట్లో ఉంది, ఇచ్చాను. మరదలు పోయాక సాయంత్రాలు నీకు వాటితోనే గడుస్తోందని విని, మంచి పనే చేశాననుకున్నాను.

నర్సమ్మ కాయిల్ అంటే ఏమిటని అడుగుతోంది. కాగితం గొట్టం మీద వెంట్రుకంత రాగి తీగ, రెండు వరసలు. అది అయస్కాంతం మధ్యలో వేలాడుతూ కదిలితే కోన్, అంటే ముందున్న కాగితపు గరాటు, కదులుతుంది. కోన్ కదిలితే పాట. ఒక్క చుట్టు పక్కదాని మీదెక్కినా లోపల రాసుకుంటుంది, బొంగురు పోతుంది. నేను ఇరవై చుట్లకి ఒక బొత్తాం చొప్పున ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేసుకుంటూ చుట్టేదాన్ని. ఊపిరి కూడా బొత్తాం వేసేటప్పుడే పీల్చేదాన్ని. ఎవరు చుట్టింది వాళ్ళకి తెలియాలని గొట్టం అంచున గోళ్ళ రంగు చుక్కలు పెట్టుకునేవాళ్ళం. నావి రెండు ఎర్ర చుక్కలు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రెండు ఎర్ర చుక్కల కాయిల్ ఒక్కటీ వెనక్కి రాలేదు. నాకు ఆస్తి లేదు, పిల్లల్లేరు. ఉన్నది ఆ ఒక్క మాట.

కాబట్టి ఆ జతని షాపాయనకి ఇవ్వకు. ఆయన అయస్కాంతాలు ఊడదీసుకుని మిగతాది చెత్తలో వేస్తాడు, నా మీద అన్న మాట మాత్రం నలుగురికీ చెప్పుకుంటాడు. నాకు పంపించు. నేను చూస్తాను.

ఆడపడుచు నిన్ను అడిగానని చెప్పమంది. నాతో కాదు, నర్సమ్మతో అంది. కిటికీ రెక్క తీసి ఉంచాలా మూసి ఉంచాలా అన్న విషయంలో నాలుగు రోజులుగా మాకు మాటల్లేవు.

ఇట్లు, మీ అక్క రాయించింది.


మార్చి 12

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది.

ఉత్తరం చూశాను. నీ గొంతు వినపడినట్టే ఉంది, నర్సమ్మగారికి నా కృతజ్ఞతలు. అక్కా, షాపాయనకి ఆ కాయిల్ నువ్వు చుట్టావని తెలియదు. తెలిస్తే అనుండేవాడు కాదు, చాలా మర్యాదస్తుడు. ఆయన ఎదుట మా అక్క చుట్టిందని నేనంటే పాపం ఆయన ఇబ్బంది పడతాడని ఊరుకున్నాను. నీకు కష్టం కలుగుతుందని ఆ క్షణాన తోచలేదు. నలభై ఏళ్ళు పుస్తకాలు బైండింగ్ చేసినవాణ్ణి, కుట్టు వదులైందంటే నాకు మాత్రం కోపం రాదా?

కొత్తవి వచ్చాయి. పాతవాటికంటే జానెడు ఎత్తు తక్కువ, బరువు మాత్రం రెండింతలు. మీద అసలైన చెక్క పొర. పాత అర వీటి బరువుకి వణుకుతోందని గోడలోకి బోల్టులు వేయించాను. మొదటి రోజు విన్నప్పుడు ఎన్నాళ్ళుగానో కట్టి ఉన్న తెర తీసినట్టయింది. గాయకుడు పాటకి ముందు పెదవులు తడుపుకోవడం కూడా వినిపించింది. షాపాయన నా మొహం చూసి నవ్వాడు.

పాత జతని దుప్పట్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి లారీ ఆఫీసులో వేశాను. ఒక్కటే మనవి. వాటిని విప్పకు. ఉన్నవి ఉన్నట్టు అటక మీద పెట్టు. కొత్తవాటికి నా చెవి అలవాటు పడకపోతే, పాతవి తెప్పించుకుని పక్కపక్కన పెట్టి విని చూసుకుంటాను. ఆ జత పోతే మళ్ళీ దొరకదు కదా.

కిటికీ విషయంలో వదినగారి పక్షం నేను. మూసే ఉంచండి.

ఉంటాను. తమ్ముడు.


మార్చి 18

తమ్ముడికి.

పెట్టె అందింది. దానితో పాటు ఉత్తరం ఏమీ రాలేదు. నీకు అక్కకి నాలుగు ముక్కలు రాసే తీరిక కూడా లేకపోయింది. సరే.

జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. కింద షాపు మెకానిక్‌ని పైకి పిలిచాను. ఈయనకి అరవై ఏళ్ళుంటాయి, మాట తక్కువ, చేతికి వణుకు లేదు. రెండు స్పీకర్లనీ పెట్టెల్లోంచి బయటికి తీశాడు. మీటరు పెట్టి చూశాడు, ముల్లు రెండింటికీ ఒకే చోట ఆగింది. కోన్ మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఎక్కడా రాసుకోవడం లేదు. తర్వాత రెండింటితోనూ వార్తలు పెట్టి వినిపించాడు. ఎడమది, కుడిది, తేడా మా ఎవరికీ తెలియలేదు. అమ్మా, దీంట్లో ఏ రోగం లేదు, మూసేస్తాను అన్నాడు.

మీటరు చెప్పింది మీటరుకి, నాకు కళ్ళతో చూడాలి అన్నాను. కాయిల్ కళ్ళతో చూడాలంటే కోన్ అంచు కోయాలి, కోస్తే ఇంక ఇది పలకదు అన్నాడు. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కోయమన్నాను. మూడోసారి ఆయన బ్లేడు నా చేతికే ఇచ్చాడు. నేనే కోశాను.

గొట్టం అంచున రెండు ఎర్ర చుక్కలు. ఇరవై రెండేళ్ళయింది, రంగు మాత్రం కొంచెం నల్లబడింది. తీగ ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి చివరిదాకా ఒక్క చుట్టు పక్కదాన్ని తోసుకోలేదు. నర్సమ్మ భూతద్దం పెట్టి చూసింది. ఆడపడుచు కూడా వచ్చి వంగి చూసి, ఈ చేతితోనా నువ్వు నాకు అంత వంకర జడ వేసేదానివి అంది. అప్పట్నుంచి మళ్ళీ మాటలు కలిశాయి. కిటికీ తెరిచే ఉంటుంది.

మెకానిక్ తన షాపు కాగితం మీద కాయిల్‌లో లోపం లేదని రాసి సంతకం చేసి ముద్ర వేశాడు. ఇందులో పెట్టించాను. ఆ షాపాయనకి చూపించు. అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు రాయించి పంపు.

అక్క.


మార్చి 29

అక్కకు నమస్కారాలు.

నా ఉత్తరం నీకు ఆలస్యంగా చేరిందని అర్థమైంది. విప్పవద్దని రాశాను. నువ్వు విప్పడం కాదు, కోశావు.

ఇప్పుడవి ఎంత అవసరమో చెబుతాను. కొత్తవి పది రోజులు బాగా పలికాయి. తర్వాత మెల్లగా ఎడమది మళ్ళీ మందగించింది. మొదట భ్రమ అనుకున్నాను. తెలిసిన పాటే పెట్టి విన్నాను. వయొలిన్ ఎడమ పక్క ఉండాలి, అది కుడికి జరిగి జరిగి గాయకుడి నెత్తి మీదికొచ్చి కూర్చుంది. రెండు స్పీకర్లనీ ఇటుది అటు, అటుది ఇటు మార్చి చూశాను. అయినా ఎడమ పక్కే మందం. అంటే తప్పు కొత్త స్పీకర్లది కాదు.

షాపాయన వచ్చి అంతా విని ఒకటి చెప్పాడు. కోపం తెచ్చుకోకుండా విను. పాత ఎడమ కాయిల్ లోపంతో ఇన్నాళ్ళు పనిచేయడం వల్ల యాంప్లిఫయర్‌లో ఎడమ భాగం దెబ్బతినుంటుందట. అందుకే ఇప్పుడు ఎన్ని స్పీకర్లు మార్చినా అటు పక్క అలాగే ఉంటుందట. యాంప్లిఫయర్ కూడా మార్చాలట.

మెకానిక్‌గారి కాగితం చూపించాను. అన్నిటికంటే ముఖ్యమైన వస్తువుని కోసి పారేసి కాగితం పంపితే ఎవరు నమ్ముతారండీ అన్నాడు. అన్నది ఆయన. నేను కాదు. కానీ సాక్షులందరూ నీ మేడవాళ్ళే అన్నది మాత్రం నాకూ తోచింది.

మా ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళు సౌండు తగ్గించమని వచ్చారు. నేను పెద్దగా పెట్టిందేమీ లేదు. ఈ కాలం వాళ్ళకి ఓపిక తక్కువ.

తమ్ముడు.


ఏప్రిల్ 4

తమ్ముడికి అక్క చెప్పి రాయించేది.

నీ ఉత్తరం చదివించుకున్నాక ఇంట్లో గిన్నెలన్నీ దింపి మళ్ళీ తోమాను. ఆడపడుచు భయపడి కిటికీ రెండో రెక్క కూడా తనే తెరిచింది.

నువ్వు ఎడమ అంటే షాపాయన ఎడమ అన్నాడు. నువ్వు కుడి అనుంటే కుడి అనేవాడు. ఆయన తన చెవితో విని ఒక్క మాట చెప్పలేదు. ఇన్ని ఉత్తరాల్లో నేను కనిపెట్టింది అదే. నువ్వు చెప్పిందాన్ని నీకే తిప్పి చెబుతున్నాడు, నువ్వు తల ఊపుతున్నావు.

యాంప్లిఫయర్ సంగతి మెకానిక్‌ని అడిగాను. నవ్వలేదు గాని నవ్వినంత పని చేశాడు. కాయిల్ కాలిపోయి తీగలు కలిసిపోతే యాంప్లిఫయర్‌కి దెబ్బ, వదులైనంత మాత్రాన ఏమీ కాదు అన్నాడు. మా కాయిల్ వదులు కాదు, అది వేరే సంగతి. అనుమానం తీరాలంటే యాంప్లిఫయర్ వెనక ఎడమ తీగ తీసి కుడిలోనూ, కుడి తీగ తీసి ఎడమలోనూ పెట్టమన్నాడు. మందం అటు పోతే తప్పు యాంప్లిఫయర్‌ది. పోకపోతే కాదు.

అది ఆయన పద్ధతి. మా ఫ్యాక్టరీ పద్ధతి ఇంకొకటుంది, అది కూడా చెయ్యి. పరీక్ష గదిలో మేం స్పీకర్లకి వీపు పెట్టి, గోడ వైపు మొహం పెట్టి కూర్చునేవాళ్ళం. ఎదురుగా కూర్చుంటే కళ్ళు ముందు వినేస్తాయి. నున్నటి పెట్టె చూస్తే పాట నున్నగా ఉందంటాం, గీత పడ్డ పెట్టె చూస్తే గొంతులో గీత ఉందంటాం. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఫోర్‌మన్ మొదటి రోజు నేర్పేది అదే. నువ్వు ఆ చెక్క పొరని ప్రేమిస్తున్నావు. కుర్చీ తిప్పి వెనక్కి కూర్చుని విను. ఏ పెట్టె మందంగా ఉందో రాయి.

ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

అక్క.


ఏప్రిల్ 13

అక్కకు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చెయ్యలేదని రేపు అనకూడదని వరసగా రాస్తున్నాను.

తీగలు మార్చాను. ఎడమ పక్కే మందం. అరలో స్పీకర్ల మధ్య దూరం పెంచాను. ఎడమ పక్కే. ఎడమ గోడకున్న బీరువా ఇద్దరు మనుషుల్ని పిలిచి జరిపించాను, కర్టెన్ తీసేశాను. ఎడమ పక్కే.

ఆఖరికి కుర్చీ తిప్పి వీపు పెట్టి కూర్చున్నాను. ఇక్కడ విచిత్రం. ఇన్నాళ్ళూ మందంగా ఉన్న పెట్టె తేటగా పలికింది. కిటికీ పక్కన ఉన్నది, ఇన్నాళ్ళూ బాగున్నది, అది మందగించింది. మళ్ళీ లేచి ఎదురుగా కూర్చున్నాను. మళ్ళీ మొదటిదే మందం. నాలుగుసార్లు అటూ ఇటూ కూర్చున్నాను. నాలుగుసార్లూ అంతే.

షాపాయన విని తల పట్టుకున్నాడు. యాంప్లిఫయర్ నిలకడ తప్పింది, వేడెక్కేకొద్దీ పక్కలు మారుస్తోంది, ఇది నేను ఎక్కడా చూడలేదు అన్నాడు. నెల రోజులు వాడి చూసుకోమని కొత్తది ఒకటి పంపిస్తున్నాడు.

నీ ఫోన్ ఆదివారం వచ్చింది గాని లైన్ మరీ ఘోరంగా ఉంది. ఫోన్‌సెట్ మార్చాను, లాభం లేదు. ఇక్కడ సైకిళ్ళవాళ్ళకి కూడా ఒళ్ళు తెలియడం లేదు. నిన్న వీధిలో ఒకడు బెల్లు కొట్టకుండా పక్కనుంచి వచ్చి మోచేతికి తగిలాడు. పైగా బెల్లు కొట్టానని వాదించాడు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు.


ఏప్రిల్ 19

తమ్ముడూ.

నర్సమ్మ నీ ఉత్తరం చదువుతూ చదువుతూ సగంలో ఆపేసింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మీ తమ్ముడు ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటాడు అని అడిగింది. ఎడమ చెవికి, కుడి చేతిలో ఎప్పుడూ పనిముట్టు ఉండేది గనక అన్నాను. సైకిలు ఏ పక్కనుంచి వచ్చిందో రాశాడా అంది. రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు.

నేను తిప్పి చెప్పడం చేతకాని మనిషిని. నీ ఎడమ చెవికి వినికిడి తగ్గింది.

పెట్టె మారింది. తీగ మారింది. బీరువా జరిగింది. కుర్చీ తిరిగింది. వస్తువు ఏది ఎటు పోయినా మందం నీ ఎడమ పక్కనే ఉంది, నువ్వు తిరిగితే నీతో పాటే తిరిగింది. యాంప్లిఫయర్‌కి నువ్వు ఎటు కూర్చున్నావో ఎలా తెలుస్తుంది?

నర్సమ్మ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో చేసింది. ఒక పక్కే తగ్గితే దాన్ని వదిలెయ్యకూడదంటోంది. ఒక్కోసారి లోపల ఏదో అడ్డం పడి ఉంటుందట, తీసేస్తే వచ్చేస్తుందట. ఒక్కోసారి లోపల వేరే జబ్బు ఉంటుందట, త్వరగా చూపిస్తే ఉన్నదన్నా నిలుస్తుందట, ఆలస్యమైతే పోయింది పోయినట్టేనట. నీకు ఎన్ని నెలలైందో లెక్కపెట్టుకో. ఫిబ్రవరిలో ఎడమది కొన్నాళ్ళుగా మందం అని రాశావు. ఇప్పుడు ఏప్రిల్ సగం దాటింది.

నీకు సాయంత్రాలు ఆ పాటలు తప్ప ఇంకేమున్నాయి? ఒక చెవి పోయాక రెండోది ఎన్నాళ్ళుంటుందో ఎవరు చెప్పొచ్చారు? డబ్బా కొత్తదా పాతదా అని ఆలోచించకుండా చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఈ వారమే. కొత్త యాంప్లిఫయర్‌ని వచ్చిన దారినే పంపెయ్యి.

చూశావా, నా కాయిల్‌లో తప్పు లేదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను.

అక్క.


ఏప్రిల్ 26

అక్కకు.

చివరి వాక్యం చదివాక మిగతాదంతా ఎందుకు రాయించావో అర్థమైంది.

నీ కాయిల్ మీద మాట పడింది. ఆ మాట తీసెయ్యాలి. అందుకు స్పీకర్ కోశావు. కోసినా నేను నమ్మలేదు. ఇప్పుడు కాయిల్‌ని నిర్దోషిని చెయ్యడానికి నా చెవిని ముద్దాయిని చేశావు. నా చెవి బాగానే ఉంది. బైండింగ్ షాపులో కత్తి మొద్దుబారితే కాగితం కోసే చప్పుడుని బట్టి నాకే ముందు తెలిసేది. నలభై ఏళ్ళు నా చెవిని నమ్ముకుని పనిచేశారు.

నర్సమ్మగారంటే గౌరవమే. కానీ ఆవిడ కూడా నీ నోటి మాట రాస్తున్నారు.

ఒక్కటి చెబుతాను. ఈ వ్యవహారంలో నువ్వు పార్టీవి అక్కా, పార్టీ చెప్పే సాక్ష్యం ఎవరు తీసుకుంటారు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నాను. కూరలో ఉప్పెక్కువైతే ఉప్పుదే తప్పన్నావు. చిన్నప్పుడు నా చొక్కా కాలిస్తే ఇస్త్రీపెట్టెదే తప్పన్నావు. నా పని తప్పయింది అన్న మాట నీ నోట ఒక్కసారి రానీ, ఆ తర్వాత నువ్వు నా గురించి ఏం చెప్పినా కూర్చుని వింటాను. అది నీ వల్ల కాదని నాకు తెలుసు. కాబట్టి ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం. ఉత్తరాల్లో వేరే సంగతులు రాసుకుందాం.

కొత్త యాంప్లిఫయర్ వచ్చింది. ఇంకా సర్దుకోవాలి. ఎడమ పక్క సంగతి తర్వాత చూద్దామని షాపాయన అన్నాడు.

తమ్ముడు.


మే 2

కాయిలక్క అనే నేను, వయసు డెబ్భై ఎనిమిది, ఆడపడుచుతో కలిసి మేడ మీద రెండు గదుల్లో ఉంటున్నదాన్ని, నా అంతట నేను, ఒకరి బలవంతం లేకుండా, ముగ్గురు సాక్షుల ఎదుట చెప్పి రాయిస్తున్నది ఏమంటే:

తమ్ముడి ఇంట్లో ఇరవై రెండేళ్ళు వాడిన జతలో ఎడమ పెట్టె కాయిల్‌ని నేను వదులుగా చుట్టాను. అది ఫ్యాక్టరీలో నా ఆఖరి రోజు. మనసు పని మీద లేదు, చెయ్యి తొందరపడింది. బొత్తాలు లెక్క తప్పాయి. ఒకచోట చుట్టు మీద చుట్టు ఎక్కింది, చూసి కూడా విప్పి మళ్ళీ చుట్టలేదు. రెండు ఎర్ర చుక్కలు పెట్టి ఇచ్చేశాను. షాపాయన అన్న మాట నిజం. మార్చిలో మెకానిక్ ముద్రతో పంపిన కాగితం చెల్లదు, చింపెయ్యి. ఈ కాగితం ఆయనకి చూపించు. కావాలంటే షాపులో అద్దం కట్టించి పెట్టుకోమను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క కాయిల్ వెనక్కి రాలేదని ఇంక నేనెక్కడా చెప్పుకోను. ఎవరైనా అడిగితే ఒకటి వచ్చిందని చెబుతాను.

నా పని తప్పయింది. నర్సమ్మా, ఈ ముక్క విడిగా, పెద్ద అక్షరాలతో రాయి.

నా పని తప్పయింది.

తమ్ముడూ, నువ్వడిగిన మాట అన్నాను. ఇప్పుడు నువ్వు కూర్చుని వినాలి.

ఆ తప్పు చుట్టుడు కాయిల్ నీ ఇంట్లో లేదు. ముక్కలై నా అటక మీద ఉంది. నీ అరలో ఉన్న స్పీకర్లు నేను చేసినవి కావు. యాంప్లిఫయర్ కొత్తది, దానికి నా కాయిల్ తగలను కూడా లేదు. అయినా ఎడమ పక్క సంగతి తర్వాత చూద్దామని రాశావంటే, ఆ పక్క ఇంకా అలాగే ఉందన్నమాట. నా తప్పు ఒప్పేసుకున్నాక నేను పార్టీని కాను. నన్ను కాపాడుకోవడానికి ఇంక నా దగ్గర ఏమీ లేదు.

కుర్చీలో కూర్చో. నీకు బాగా తెలిసిన పాట పెట్టు. కుడి చెవిని వేలితో గట్టిగా మూసుకుని మొదటి చరణం విను. వేలు తీసి, ఎడమ చెవి మూసుకుని రెండో చరణం విను. కాయిల్ చుట్టినవాళ్ళని గాని, షాపాయన్ని గాని, నన్ను గాని అడగక్కర్లేదు. తేడా ఉంటే మర్నాడు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. తేడా లేకపోతే నాకు రాయి, నీ చెవుల మీద అపనింద వేశానని ఇలాంటి కాగితమే ఇంకొకటి రాయించి పంపిస్తాను. ఇప్పుడు నాకు అలవాటైంది.

డాక్టరు అడిగే ప్రశ్నలు నర్సమ్మ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టింది. ఎప్పట్నుంచి, నొప్పి ఉందా, చెవిలో మోత ఉందా, తల తిరుగుతోందా అని. జవాబులు డాక్టరుకి చెప్పు. నాకు చెప్పక్కర్లేదు.

ఈ వారం దాటనివ్వకు.

పైన ఉన్నదంతా నర్సమ్మ నాకు చదివి వినిపించింది. నేను చెప్పిందే ఉంది. నా ఎడమ చేతి బొటనవేలి ముద్ర ఇది.

(వేలిముద్ర)
కాయిలక్క

సాక్షులు:

ఆడపడుచు. వేలిముద్ర.

పక్క వాటా నర్సు, రాసినది కూడా నేనే. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆమె వేలిముద్ర కింద సాక్షులం రాసుకున్న ముక్కలు మాత్రం ఆమెకు చదివి వినిపించలేదు.

కింద షాపు రేడియో మెకానిక్. వేలిముద్ర ఆమెదేనని నా సాక్ష్యం. ముద్ర వరకే. కాయిల్ గురించి పైన రాసినదానికి నేను సాక్షిని కాను, నేను దాన్ని చూశాను.